ఆందోళనకు ఏ దారి ఎవరికి? గంజాం, గజపతి తెలుగు కుటుంబాల కోసం ఒక పోలిక

ఒడిశాలోని గంజాం తీరంలో దసరా నెల పండుగకే కాదు, భయానికి కూడా నెల. 1999 అక్టోబరు 17న వచ్చిన తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటి బరంపురాన్ని కుదిపివేసింది. అదే నెల 29న మహా తుపాను పారాదీప్ వైపు విరుచుకుపడి సుమారు పదివేల మందిని బలి తీసుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్లీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి శ్రీకాకుళాన్ని దెబ్బతీస్తే, వాన గజపతి జిల్లాలో కొండచరియలను విరిచి ప్రాణాలు తీసింది. ఇన్ని తేదీలు ఒకే నెలలో కుప్పపడిన చోట, గాలి కాస్త ఈల వేసేసరికి గుండె దడదడలాడే మనిషిని పిరికివాడనడం అన్యాయం.

తుపాను ఒక్కటే కాదు. పొడంపేట, రామయ్యపట్నం వంటి మత్స్యకార గ్రామాల్లో సముద్రం ఏటేటా ఊరిలోకి జరుగుతూనే ఉంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. రుషికుల్య ముఖద్వారం పరిసరాల్లో తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు అమలయ్యే ఆంక్షలు వేరు. ఈ జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన కుర్రవాళ్లు ఎందరో. ఒకరి ఫోను రెండు రోజులు పలకకపోతే ఇక్కడ ఇంట్లో ముద్ద దిగదు. ఇలాంటి బతుకులో ఆందోళన రావడం సహజమే. దాన్ని తట్టుకోవడానికి మనవాళ్లు పట్టుకునే దారులలో ఏది ఎవరికి పనికొస్తుంది, ఏది ఎంత సమయం తీసుకుంటుంది, ఏది మేలు చేస్తున్నట్టు కనిపిస్తూ చెరుపు చేస్తుంది అన్నదే ఈ వ్యాసంలో చూడదలచిన విషయం.

పోలికకు నేను పెట్టుకున్న ప్రమాణం ఒకటి ఉంది. ఒక మార్గం పట్టిన గంటలో మనసు తేలికపడిందా అన్నది కాక, కొన్ని వారాల తర్వాత మనిషి తిరిగే చోట్లు, చేసే పనులు, పలకరించే మనుషులు పెరిగారా తగ్గారా అని చూడాలి. గంట ఉపశమనాన్ని మాత్రమే చూస్తే నాటు సారాకు, అల్‌ప్రజోలం అనే కంగారు తగ్గించే బిళ్లకు ఏ చికిత్సా సాటి రాదు. జీవితం కుంచించుకుపోతోందా అని చూస్తేనే ఆ రెండింటి అసలు రంగు బయటపడుతుంది.

ముందు భయం ఏ రకమో తేల్చుకోవాలి

ఒకే మనిషిలో మూడు రకాల భయాలు కలగలిసి ఉండవచ్చు. మొదటిది, నిజంగా ఎదురుగా ఉన్న ప్రమాదం గురించిన భయం: పెంకుటింటి పైకప్పు బలహీనంగా ఉంది, వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది. దీనికి కావలసింది ఓదార్పు కాదు, పని. రెండవది, ఎవరికీ తెలియని దాని గురించిన భయం: వచ్చే ఏడాది సముద్రం ఎంత ముందుకొస్తుందో, సూరత్‌లో పని ఎన్నాళ్లుంటుందో. దీనికి ఎంత ఆలోచించినా జవాబు దొరకదు. జవాబు లేకుండానే రోజు గడపగల ఓపికను అలవరచుకోవాలి. మూడవది, భయమే రోగంగా మారిన స్థితి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, కొడుకు ఫోను చేసి క్షేమమని చెప్పినా ఆదుర్దా తగ్గదు. రాత్రి నిద్ర పట్టదు, మెడ, భుజాలు బిగుసుకుపోతాయి, చిన్న శబ్దానికి ఉలికిపాటు, ఊరికే చిరాకు. ఇలాంటి లక్షణాలు ఆరు నెలల పాటు, ఎక్కువ రోజుల్లో కనిపించి, పనికి, సంసారానికి అడ్డుపడుతుంటే దాన్ని ఆందోళన రుగ్మతగా వైద్యులు పరిగణిస్తారు. దీనికి చికిత్స కావాలి. మనోధైర్యం గురించిన ఉపన్యాసాలు దీనికి సరిపోవు.

ఈ మూడింటినీ తారుమారు చేయడం వల్లనే సగం తప్పులు జరుగుతాయి. మొదటి రకానికి తాయెత్తు కట్టుకుని పైకప్పు బాగుచేయకపోవడం ఒక తప్పు. మూడవ రకానికి పైకప్పును పదిసార్లు తనిఖీ చేస్తూ కూర్చోవడం ఇంకో తప్పు.

వైద్యులు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. గడచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. జీఏడీ-7 అనే పేరుతో అది తెలుగులోనూ దొరుకుతుంది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుణ్ణి కలవడం మంచిది. అది రోగ నిర్ధారణ కాదు, తలుపు తట్టాలా వద్దా అని చెప్పే సూచన మాత్రమే.

ఇంకో జాగ్రత్త. గుండె దడ, వణుకు, చెమట, ఆయాసం అన్నీ మనసు నుంచే రావు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, చక్కెర పడిపోవడం, గుండె లయ తప్పడం, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వంటి మందులు కూడా అచ్చం అవే లక్షణాలు చూపిస్తాయి. కనుక మొదటిసారి వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, అవసరమైతే ఈసీజీ చేయించుకోవడం డబ్బు దండగ కాదు. ఛాతీలో నొక్కినట్టు నొప్పి పుట్టి ఎడమ చేతికో దవడకో పాకుతూ చల్లని చెమట పడితే అది ఆందోళనా కాదా అని ఇంట్లో తర్కించుకోకుండా 108కి ఫోను చేయాలి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చిన తర్వాత కూడా నెలకో కొత్త వైద్యుని దగ్గర అవే పరీక్షలు చేయించుకుంటూ తిరగడం మాత్రం రోగంలో భాగమే.

వార్తలా, సన్నద్ధతా

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే ఎక్కువమంది పట్టే మొదటి దారి ఫోను. గాలి సుడుల బొమ్మలు, పాత తుపానుల వీడియోలు, ఎవరో పంపిన ‘రాబోయేది ఫైలిన్‌కన్నా పెద్దది’ అనే సందేశాలు. తెలుసుకుంటే ధైర్యం వస్తుందనిపిస్తుంది గాని, అరగంటకోసారి చూసేవారికి వచ్చేది కొత్త సమాచారం కాదు, పాత భయమే. వాతావరణ శాఖ తుపాను దశలో ప్రత్యేక బులెటిన్లను సాధారణంగా మూడు గంటలకొకటి చొప్పున విడుదల చేస్తుంది. తీరం దాటే సమయం దగ్గరపడితే గంటకొకటి వస్తుంది. అంటే మధ్యలో ఫోనులో తిరిగేదంతా ఊహాగానమే. ఇంట్లో ఒకరికి, అందులోనూ కాస్త నిబ్బరం గల వారికి, బులెటిన్ చూసి చెప్పే పని అప్పగించి మిగిలినవారు ఫోను పక్కన పెట్టడం నా దృష్టిలో ఎంతో మేలైన ఏర్పాటు.

హెచ్చరికల మెట్లు తెలిసి ఉండటం కూడా ఆందోళనను తగ్గిస్తుంది. కనీసం 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు. ఏ మెట్టు మీద ఏ పని చేయాలో ముందే రాసి గోడకు అంటించుకున్న ఇంట్లో భయానికి చేయడానికి ఒక పని దొరుకుతుంది: పసుపు వస్తే రేషను కార్డు, ఆధార్, మందులు, నగలు ఒక ప్లాస్టిక్ సంచిలోకి, నారింజ వస్తే పడవ, వలలు పైకి, పశువుల పలుపులు విప్పడం, తరలించమన్న మాట వస్తే ఎదురు చెప్పకుండా ఆశ్రయ కేంద్రానికి.

సన్నద్ధత వట్టి మాట కాదని చెప్పడానికి మన జిల్లా చరిత్రే సాక్ష్యం. 1999లో వేలమంది పోయిన రాష్ట్రంలో, 2013లో దానంత కాకపోయినా భీకరమైన ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల మందిని ముందుగా తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఆ భయం జనాన్ని కాళ్ల మీద నిలబెట్టి నడిపించింది. అయితే సన్నద్ధతకూ ఒక హద్దు ఉంది. సంచి సర్దడం పూర్తయ్యాక దాన్ని మళ్లీ విప్పి చూడాలనిపిస్తే అక్కడితో మొదటి రకం భయం ముగిసి మూడవ రకం మొదలైందని అర్థం చేసుకోవాలి.

ఇంట్లోనే చేసుకోగలిగినవి, చేయకూడనివి

ఖర్చు లేనివి, ఎవరికీ చెప్పుకోనక్కరలేనివి కావడం వీటి గొప్పతనం. ఫలితానికి ఓపిక కావలసి రావడం వీటి లోపం.

నిదానంగా శ్వాస తీసుకోవడం అన్నిటికన్నా తేలిక. పీల్చే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా, నిమిషానికి సుమారు ఆరు శ్వాసల చొప్పున, రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు. చాలామంది దీన్ని దడ పుట్టినప్పుడు మాత్రమే ప్రయత్నించి పనిచేయలేదని వదిలేస్తారు. నిమ్మళంగా ఉన్న రోజుల్లో అలవాటు చేసుకుంటేనే గాలివాన రాత్రి ఒంటికి గుర్తుంటుంది. కాగితపు సంచిలోకి ఊపిరి వదలమనే పాత చిట్కా మాత్రం ప్రమాదకరం. ఆయాసానికి కారణం గుండో ఊపిరితిత్తులో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండవ రకం భయానికి, అంటే జవాబు లేని ప్రశ్నలకు, చింతకొక వేళ పెట్టుకోవడం బాగా పనిచేస్తుంది. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు దాకా అనుకుందాం. పగలు వచ్చిన ప్రతి దిగులునూ ఒక కాగితం మీద రెండు ముక్కల్లో రాసి ఆ వేళకు వాయిదా వేయాలి. ఆ వేళ వచ్చాక కాగితం ముందు పెట్టుకుని, చేయగలిగిన పని ఉన్నవాటికి పని రాసి, లేనివాటిని కొట్టివేయకుండా అలాగే వదిలివేయాలి. మొదటి వారం ఇది వేళాకోళంలా ఉంటుంది. రెండు మూడు వారాలకు చాలా దిగుళ్లు సాయంత్రం దాకా బతకవని తెలుస్తుంది. చదవడం రాయడం రాని పెద్దవాళ్లకు మనవరాలు రాసిపెట్టినా సరిపోతుంది. నిద్రకు ముందు మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

ఒంటికి శ్రమ కలిగించే పని, నడక, ఒకే వేళకు పడుకుని లేవడం, సాయంత్రం తర్వాత టీ మానడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వివరించను. వాటిని చేసేవారు తక్కువ గాని తెలియనివారు లేరు.

చేయకూడనివాటి దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఈ ప్రాంతంలో పొద్దున్నే పళ్లకు రాసుకునే గుడాఖును కంగారు తగ్గించే మందులా వాడేవారున్నారు. అది పొగాకే. నికోటిన్ ఒంట్లోకి వెళ్లగానే గుండె వేగం పెరుగుతుంది. కొన్ని గంటలకు అది తగ్గగానే వచ్చే చిరాకును, వణుకును మనిషి ఆందోళన అనుకుని మళ్లీ రాసుకుంటాడు. సారా ఇంకా మోసకారి. మొదటి గంటలో వచ్చే నెమ్మది రెండవ జాముకు తిరగబడి, తెల్లవారుజామున మూడు గంటలకు గుండె దడతో మెలకువ తెప్పిస్తుంది. వేట నిషేధ కాలంలో చేతిలో పని లేని మగవాళ్లు ఎక్కువగా పట్టే దారి ఇదే కావడం, ఇంట్లో ఆడవాళ్ల ఆందోళనకు ఇదే పెద్ద కారణం కావడం తెలిసిన సంగతే.

ఇంటివాళ్లు, గుడి, గుణియా

మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి ఉండటం పెద్ద బలం. కాని చెప్పుకోవడానికి, హామీ అడుక్కోవడానికి తేడా ఉంది. ‘నాకు దిగులుగా ఉంది, కాసేపు కూర్చో అక్కా’ అనడం మొదటిది. ‘ఏమీ కాదు కదా? బాబు క్షేమంగానే ఉంటాడు కదా? ఖచ్చితంగా చెప్పు’ అని గంటకోసారి అడగడం రెండవది. అడిగిన ప్రతిసారీ దొరికే ‘ఏమీ కాదు’ అనే మాట పావుగంట కూడా నిలవదు, పైగా ఆ మాట లేకుండా ఉండలేని స్థితి తెస్తుంది. ఇంటివారు విసుక్కోకుండా, అబద్ధపు హామీ కూడా ఇవ్వకుండా ‘ఏమవుతుందో నాకూ తెలియదు వదినా, కాని నేను ఇక్కడే ఉన్నాను, పద, కూర తరుగుదాం’ అనగలిగితే అది చాలా మందులకన్నా నయం. సూరత్‌లో ఉన్న కొడుకుతో రోజూ రాత్రి తొమ్మిదికి ఒక ఫోను అని ఖాయం చేసుకుని, మధ్యలో పది సార్లు చేయకపోవడం కూడా ఈ కోవలోనిదే.

గుడి విషయంలో చదువుకున్నవారు తొందరపడి తీర్పు చెబుతారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో తెలుగు నేత కుటుంబాలకున్న స్థానం అందరికీ తెలిసిందే. తల్లిని పుట్టింటికి తెచ్చుకున్నట్టు ఊరంతా కలిసి నడిచే ఆ రాత్రుల్లో ఒంటరి భయం కొంత కరుగుతుందనడంలో అతిశయోక్తి లేదు. జపం, భజన, మొక్కు మనిషిని జనంలోకి తీసుకువెళ్లినంత వరకు నా ప్రమాణానికి నిలుస్తాయి. గుణియా, అంటే మంత్రగాడి దగ్గరకు వెళ్లడం వేరు. విభూతి పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపేవారితో ఇబ్బంది లేదు. కాని ఎవరో చేతబడి చేశారని పొరుగింటి మీద వేలు చూపించేవారు, కొట్టడం, వాత పెట్టడం, పస్తు ఉంచడం చేసేవారు, ఆసుపత్రి మందులు మానేయమనేవారు భయాన్ని తీసివేయకపోగా దానికి ఒక శత్రువును కూడా తగిలిస్తారు. మొక్కు చెల్లించి, అక్కడి నుంచే ఆసుపత్రికి వెళ్లడంలో ఏ విరోధమూ లేదు. పెద్దవాళ్లను ఒప్పించడానికి చాలాసార్లు ఇదే దగ్గరి దారి.

ఫోనా, జిల్లా ఆసుపత్రా, విశాఖా

ఇక్కడి తెలుగువారికి ఈ ఎంపికలో ఒక అదనపు చిక్కు ఉంది. బజారులో, బడిలో, కచేరీలో ఒడియా చక్కగా మాట్లాడేవారు కూడా ఏడుపు వచ్చినప్పుడు తెలుగులోనే ఏడుస్తారు. బియ్యం ధర ఒడియాలో అడగగలిగినంత మాత్రాన రాత్రి రెండింటికి గుండెల్లో ఏమవుతోందో ఒడియాలో చెప్పగలరని కాదు. కనుక దూరం, ఖర్చులతో పాటు భాషను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కి ఫోను చేస్తే రాత్రి పగలు ఎప్పుడైనా శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణునికి కలుపుతారు. రుసుము లేదు. భాష ఎంచుకునే వీలుంది. ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. ఊరి ముఖం చూడనక్కరలేదు, బస్సు ఎక్కనక్కరలేదు, ‘పిచ్చాసుపత్రికి వెళ్లారట’ అన్న మాట పుట్టదు. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఫోను ద్వారా రక్తపరీక్ష జరగదు, తుపాను రాత్రి టవరు పడిపోతే ఆ దారి మూసుకుపోతుంది, ప్రతిసారీ అదే మనిషి మాట్లాడతారన్న భరోసా ఉండదు. తొలి అడుగుగా, నడిరాత్రి ఆసరాగా దీనికి నా మొదటి ఓటు. నెలల తరబడి సాగవలసిన చికిత్సకు ఇదొక్కటే చాలదు.

రెండవది దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్య సేవలు నడుస్తాయి. గంజాం వారికి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, కొరాపుట్ వైపు వారికి అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రులలో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు. జాబితాలో ఉన్నది ఆ రోజు అందుబాటులో ఉందా అని అడిగి తెలుసుకోవాలి. రద్దీ ఎక్కువ, వైద్యుడు మాట్లాడే సమయం తక్కువ. అందుకే వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని వెళ్లాలి: ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఏ పనులు మానేశారు, ఇప్పుడు ఏ మందులు, మత్తు పదార్థాలు వాడుతున్నారు. ఒడియాలో చెప్పడం కష్టమనిపిస్తే ఇంట్లో వారిని దుబాసీగా తీసుకువెళ్లవచ్చు, కాని భర్త వల్లనో అత్త వల్లనో భయం ఉన్న కోడలికి ఆ భర్తనో అత్తనో దుబాసీగా పెట్టడం పనికిరాదు. అలాంటి చోట వైద్యులలో, నర్సులలో తెలుగు వచ్చినవారు ఎవరని అడగడానికి సంకోచించనక్కరలేదు. బరంపురంలో అది అరుదైన సంగతి కాదు.

మూడవది సరిహద్దు దాటడం. పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్కనే ఉంది, శ్రీకాకుళం దగ్గర. బరంపురం వారికి విశాఖ రైలులో నాలుగైదు గంటలు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, తెలుగులో మాట్లాడే ప్రైవేటు నిపుణులూ ఎక్కువ. భాష, గోప్యత రెండూ కలిసివస్తాయి. కాని ఆందోళన చికిత్స ఒక్కసారి చూపించుకుంటే తీరేది కాదు. మొదట రెండు మూడు వారాలకోసారి, తర్వాత నెలకోసారి వెళ్లాలి. కూలి పోగొట్టుకుని, రైలు ఖర్చు పెట్టుకుని రెండుసార్లు వెళ్లి మూడోసారి మానేసే విశాఖ వైద్యం కన్నా, క్రమం తప్పకుండా వెళ్లగల బరంపురం వైద్యమే మెరుగు. దూరపు వైద్యుణ్ణి రోగ నిర్ధారణకు ఒకసారి చూపించుకుని, ఆ చీటీతో దగ్గరి ఆసుపత్రిలో కొనసాగించడం మధ్యేమార్గం.

గోప్యత గురించి ఒక మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వ్యవస్థలో చికిత్స పొందడం పౌరుని హక్కు, రోగి వివరాలను రహస్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. ఈ మాట గట్టిగా చెప్పవలసి వచ్చిన చోట చెప్పండి.

మాటల చికిత్సా, మాత్రలా

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, కాని ఎంపిక చాలాసార్లు ఊళ్లో ఏది దొరుకుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది. రెండూ పనిచేస్తాయి. ఆలోచన, ప్రవర్తనల మీద దృష్టి పెట్టే మాటల చికిత్స సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 15 దఫాలు సాగుతుంది. భయపడి మానేసిన పనులను మెట్టు మెట్టుగా మళ్లీ చేయించడం దాని ప్రాణం: తుపాను తర్వాత తీరానికే వెళ్లనివారిని మొదట వీధి చివర దాకా, తర్వాత ఇసుక దాకా, తర్వాత నీటి అంచు దాకా. నేర్చుకున్నది చికిత్స ముగిశాక కూడా మిగులుతుంది. లోపమేమిటంటే తెలుగులో దీన్ని చేయగల నిపుణులు ఈ జిల్లాలలో తక్కువ. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ నిపుణులు కారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉందా అని అడగాలి.

మాత్రలలో రెండు జాతులున్నాయి, వీటి తేడా తెలియకపోవడమే మన దగ్గర పెద్ద ప్రమాదం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ఒక జాతి. వీటి ఫలితం రెండు నుంచి నాలుగు వారాల తర్వాత గాని తెలియదు. మొదటి వారంలో వికారం, ఒక్కోసారి కంగారు పెరగడం కూడా ఉంటుంది. ఈ సంగతి ముందుగా తెలియనివారు ఐదో రోజునే ‘మందు పడలేదు’ అని ఆపేస్తారు. గుణం కనిపించాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడి, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. వీటికి వ్యసనంలా అలవాటు పడటం జరగదు.

అల్‌ప్రజోలం, క్లోనజిపామ్, డయజిపామ్ రెండవ జాతి. గంటలోపే నెమ్మది తెస్తాయి. కొద్ది రోజులకు, వైద్యుని కనుసన్నల్లో, వీటికి తగిన చోటు ఉంది. వారాల తరబడి వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది, మోతాదు పెంచమంటుంది, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. సారాతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. వీటిలో ఏదీ చీటీ లేకుండా అమ్మకూడదు. అల్‌ప్రజోలం, డయజిపామ్ కట్టుదిట్టంగా అమ్మవలసిన మందుల జాబితా అయిన హెచ్1 షెడ్యూలులోనివి కనుక, అమ్మినప్పుడు దుకాణదారు రిజిస్టరులో రాయాలి. అయినా ‘నిద్ర బిళ్ల’ అనో ‘నరాల బలహీనత బిళ్ల’ అనో పొరుగింటావిడ దగ్గర అడిగి వేసుకునేవారు ఉన్నారు. ఏళ్లుగా వేసుకుంటున్నవారు ఇది చదివి రేపే ఆపేయకూడదు. ఉన్న మోతాదును వైద్యునికి చెప్పి, మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

తేలికపాటి ఆందోళనకు ముందు మాటల చికిత్స, ఇంటి అభ్యాసాలు. నిద్ర, ఆకలి, పని మూడూ చెడినంత తీవ్రంగా ఉంటే మొదటి జాతి మాత్ర, వీలైతే దానితో పాటు మాటల చికిత్స. మాటల చికిత్స దొరకదని మాత్రలు కూడా మానుకోవడం, మాత్రలు దొరికాయని భయపడిన పనులను మళ్లీ చేయకుండా కూర్చోవడం, రెండూ నష్టమే.

విపత్తు జరిగిన తొలి వారాల లెక్క వేరు

పైన చెప్పిన పోలిక అంతా మామూలు రోజులకు. ఇల్లు కూలిన మర్నాడు, శవం దొరికిన మర్నాడు, నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం కళ్ల ముందు కదలడం రోగం కాదు. చాలామందిలో అవి కొన్ని వారాలలో తమంతట తామే తగ్గుతాయి. ఆ రోజుల్లో బాధితులను వలయంగా కూర్చోబెట్టి ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి’ అని తవ్వడం మేలు చేయదని, అందరిచేతా ఒకేసారి అలా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయదని సహాయానికి వచ్చే సంఘాలు గుర్తించాలి. వారికి అప్పుడు కావలసినవి తాగునీరు, పొడి బట్ట, తప్పిపోయినవారి కబురు, పరిహారం కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పే మనిషి. చెప్పుకోదలచినవారి మాట వినాలి, చెప్పనివారిని అడగకూడదు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటుకే వెళ్లలేకపోవడం కొనసాగితే అప్పుడు నిపుణుని దగ్గరకు తీసుకువెళ్లాలి. పిల్లలలో ఇది పక్క తడపడం, బడికి వెళ్లననడం, తల్లి కొంగు వదలకపోవడం రూపంలో కనిపిస్తుంది. బడి త్వరగా తెరవడం వారికి మేలైన సహాయం.

ఏ దారి పట్టినవారైనా, ఏ దశలోనైనా, చనిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే పోలికలు పక్కన పెట్టాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, పురుగు మందు, మాత్రలు అందకుండా దాచి, 14416 గానీ 112 గానీ పిలిచి, దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుని చెబుతారు.

ఇక మందులు వాడుతున్నవారికి, ఈ తీరానికి ప్రత్యేకమైన రెండు ఏర్పాట్లు. తుపాను కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. మందు తగ్గించే ప్రయత్నాన్ని సెప్టెంబరులో మొదలుపెట్టి అక్టోబరు గాలుల్లో పడకుండా, జనవరి, ఫిబ్రవరి నెలలకు పెట్టుకోవచ్చా అని వైద్యునితో మాట్లాడాలి. అక్టోబరు రాకముందే కనీసం రెండు వారాలకు సరిపడా మాత్రలను, వైద్యుని చీటీ నకలుతో సహా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రేషను కార్డు ఉన్న సంచిలోనే ఉంచాలి. ఆశ్రయ కేంద్రంలో మూడు రోజులుండవలసి వచ్చినా మందు తప్పకూడదు.